మూడు డిస్కులు, అత్తయ్య వేలు

ఆ పాత లాప్‌టాప్ మీద దుమ్ము తుడవడం వరకే నా పని. తెరవడం మా ఆయన పని. కొత్తది కొనుక్కున్నాక, ఎవరో స్నేహితుడు చెప్పాడని దీంట్లో విండోస్ తీసేసి లైనక్స్ ఎక్కించి, రెండు రోజులు ఆడుకుని, మోజు తీరగానే అలమర మీద పడేశారు. నాకిస్తారా అని అడిగితే ఇచ్చారు గానీ, దాంతోపాటు ఓ హెచ్చరిక కూడా ఇచ్చారు. ఏదీ ఎక్కించకూడదట, నేను ముట్టుకుంటే పాడైపోతుందట, ఖాళీ దొరికినప్పుడు ఆయనే చేసిపెడతారట. ఆయనకు ఖాళీ దొరకలేదు. ఇంట్లో నెట్టు అంటే ఆయన ఫోన్లో ఉన్నదే, అది కూడా ఆయనతోపాటే పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతుంది.

పెళ్ళికి ముందు నేను ప్రెస్సులో పేజీలు పేర్చేదాన్ని. పుస్తకం తెరిస్తే కథ కంటే ముందు అంచులు చూసే అలవాటు నాకింకా పోలేదు. మొన్న మా వీధి చివర ప్రెస్సు నడిపే అక్క, పిల్లల పుస్తకం పని ఒకటి వచ్చిందనీ, శనివారం సాయంత్రానికి రెండు పేజీలు పేర్చి చూపిస్తే నాకే ఇస్తాననీ, లేకపోతే ఇంకొకరు సిద్ధంగా ఉన్నారనీ చెప్పింది. నెట్టు లేదక్కా అని గొణిగాను. ఆవిడ నవ్వి, సాఫ్ట్‌వేరంతా వీటిలోనే ఉందంటూ మూడు డిస్కులు చేతిలో పెట్టింది. ఎలా ఎక్కించాలో కవరు మీద రాసిచ్చింది కూడా. ఈలోగా మా ఆయన ఆవిడకు ఫోన్ చేసి, “మా ఆవిడ ఇంట్లోనే ఉండి ఖాళీ టైంలో చేస్తుందిలెండి, తనకూ కాలక్షేపంగా ఉంటుంది” అన్నారట. నాకు ఖాళీ టైం ఎప్పుడుంటుందో ఆయన్నే అడిగి తెలుసుకోవాలి.

శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, భోజనాల బల్ల మీదే లాప్‌టాప్ తెరిచాను. మామయ్యగారు గదిలో నడుం వాల్చారు. కావలసిన సాఫ్ట్‌వేరు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే, మెషీను చాలాసేపు ఎక్కడెక్కడో వెతికి, దొరకలేదంటూ చేతులెత్తేసింది. డిస్కులు దాని పక్కనే ఉన్నాయి, అది మాత్రం లేని నెట్టు కోసం ఎదురుచూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. కవరు తిప్పి చూశాను. సామాను ఎక్కడ వెతకాలో మెషీనుకు చెప్పే ఫైలు ఒకటుందట, అందులో నెట్టు గురించిన లైను ముందు ఒక # గుర్తు పెట్టాలట. అలా పెడితే ఆ లైను ఉన్నచోటే ఉంటుంది, మెషీను మాత్రం దాన్ని పట్టించుకోదు. ఎంత హాయైన ఏర్పాటు! ఫైల్లో ఆ గుర్తు పెట్టేసి, మనసులో మా ఆయన ‘నీకిది కొరుకుడు పడదు’ అన్న మాట ముందు కూడా ఒకటి పెట్టాను. ‘నువ్వు ముట్టుకుంటే పాడైపోతుంది’ ముందు ఇంకొకటి. ఆ మాటలను మరిచిపోవాలని ఇన్నాళ్ళూ అనవసరంగా కష్టపడ్డాను.

తరవాత డిస్కులను ఒక్కొక్కటిగా మెషీనుకు పరిచయం చెయ్యాలి. తీరా చూస్తే డిస్కు పెట్టే అర మూసుకోవడం లేదు, వదిలితే చాలు బయటికి వచ్చేస్తోంది. ఒక చేత్తో దాన్ని నొక్కి పట్టుకుని రెండో చేత్తో టైపు చేస్తూ కుస్తీ పడుతుంటే అత్తయ్య వచ్చింది. ఆ టకటకలు ఆపి టీ పెట్టమ్మా అనడానికే వచ్చింది, అందులో సందేహం లేదు. ఆవిడ నోరు తెరిచేలోపే, “అత్తయ్యా, కాస్త ఇక్కడ వేలు పెట్టి పట్టుకోండి” అన్నాను. పట్టుకుంది. వేలి కింద డిస్కు గిర్రున తిరుగుతుంటే ఆవిడ ముఖం చూడాలి!

మూడు డిస్కులూ చేర్చాక మళ్ళీ పేరు కొట్టాను. ఈసారి మెషీను వెతుక్కుంటూ పోలేదు. ఇది కావాలంటే ముందు ఇవి ఉండాలి అంటూ తెర నిండా పేర్లు పరిచి, అన్నీ ఎక్కించనా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. మా ఆయన తొమ్మిదింటికి గుమ్మం దాటాలంటే ముందు ఏమేం ఉండాలో ఎవరైనా ఎప్పుడైనా ఇలా తెర మీద పరిచారా? ఉతికిన చొక్కా, దానికి ఇస్త్రీ, డబ్బా, డబ్బాలోకి కూర, కూరకు నిన్నే తెచ్చిన కూరగాయలు, దొరకని తాళంచెవి ఎక్కడుందో తెలిసిన ఒక మనిషి. తెర మీది పేర్లు అత్తయ్యకు చదివి వినిపిస్తే, “పోనీలే, చెప్పి మరీ అడుగుతోంది” అంది. సరేనని నొక్కాను.

గదిలోంచి మామయ్యగారు టీ ఏమైందని కేకేశారు. నేను లేవబోయాను. అత్తయ్య నా వైపు చూడను కూడా లేదు.

“నా వేలు ఖాళీ లేదు. మీరే పెట్టుకోండి.”

వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడు వినిపించింది. మేమిద్దరం కదల్లేదు. మెషీను రెండో డిస్కు పెట్టమంది, పెట్టాం. మూడోది పెట్టమంది, పెట్టాం, అది చదవనని మొరాయించింది. సాయంత్రం దగ్గర పడుతోంది. అత్తయ్య డిస్కు తీసి, తన కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడిచి, మళ్ళీ పెట్టి వేలు నొక్కింది. తెర మీద అక్షరాలు మళ్ళీ పరుగెత్తాయి. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరి భుజం ఒకరం పట్టుకున్నాం.

తెల్లటి పేజీ తెరుచుకుంది. నా చేతులు వాటంతట అవే అంచులు గీసుకున్నాయి. బొమ్మను కాస్త పక్కకు జరిపి, వాక్యానికి చోటిచ్చి, రెండు పేజీలు పూర్తిచేసి, పెన్‌డ్రైవ్ పిడికిట్లో బిగించి ప్రెస్సుకు దాదాపు పరుగెత్తాను. నాకు ఇంత సంతోషం తట్టుకోవడం కూడా చేతకాలేదు, దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. అక్క పేజీలను పెద్దవి చేసి, చిన్నవి చేసి చూసింది. పని నీదే అంది. “సోమవారం నుంచి ఇంటికే పంపిస్తాను. మీ ఆయన చెప్పారుగా, ఖాళీ టైంలో చేసుకుంటావని.”

కిటికీ పక్కన ఒక బల్ల మీద పాత కాగితాల కట్టలు పేర్చి ఉన్నాయి. ఆ కట్టలు తీసేస్తే అక్కడొక మనిషి కూర్చోవచ్చు.

“ఇంటికి వద్దక్కా, నేనే వస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే పనిచేస్తాను” అన్నాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి లాప్‌టాప్ ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరెక్కించారని అడిగితే నేనూ అత్తయ్యా అని చెప్పాను. నమ్మడానికి ఆయనకు కాస్త టైం పట్టింది. నమ్మాక మంచి పని చేశావన్నారు, ఆ మాటకు నాకు సంతోషమే వేసింది. అప్పుడే సోమవారం సంగతి కూడా చెప్పేశాను.

ఆయన అత్తయ్య వైపు చూశారు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

“రోజూ వెళ్తే ఎలా? మరి ఇల్లెవరు చూస్తారు?”

“ఇంట్లో ఉండేది నలుగురం కదండీ” అన్నాను.