ఏడిళ్ల తీగ

గ్రాన్‌ఫోర్స్ అనే సరిహద్దు ఊరి ఫోన్లన్నీ కలిపే టెలిఫోన్ బోర్డు తెక్లా ఇంటి వంటగదిలోనే ఉండేది. ఒక పక్క పొయ్యి, ఒక పక్క బోర్డు. ఇరవై రెండేళ్లుగా ఊరి మాటలన్నీ ఆవిడ చేతుల మీదుగానే అటూ ఇటూ పోయేవి. చుట్టూ యుద్ధం మొదలై, తమ దేశం అందులో చేరకపోయినా, అన్నను సైన్యంలోకి పిలిచి సరిహద్దు కాపలాకు పంపేశాక, తల్లిలేని మేనకోడలు హిల్లేవిని తన దగ్గరికి తెచ్చుకుంది. పిల్లకు పదహారు నిండాయి, ఊరికే కూర్చోబెట్టడం దేనికని బోర్డు పని నేర్పింది. అంతకుముందే బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించింది.

"ఇక్కడ విన్నది ఇక్కడే చావాలి. ఒక్క ముక్క బయటికి పొక్కిందా, నా కొలువూ పోతుంది, దాంతో వచ్చిన ఈ ఇల్లూ పోతుంది. తెలిసిందా?"

"తెలిసిందత్తా."

1941 మార్చిలో జర్మన్ల చేతిలో ఉన్న నార్వే నుంచి కుర్రాడొకడు పడమటి సరిహద్దు దాటి, అడవిలో మంచు తొక్కుకుంటూ వచ్చి, ఊరి చివర మాల్విన అవ్వ పశువుల కొట్టంలో తేలాడు. పేరు ఔడున్, పందొమ్మిదేళ్లు. కాలివేళ్లు చలికి నల్లబడిపోయాయి. ఎటూ నడవలేడు గనక, పైనుంచి కబురొచ్చేదాకా అవ్వ దగ్గరే ఉంచమని పోలీసు అధికారి బ్రూండిన్ చెప్పి వెళ్లాడు.

అత్త పంపిన రొట్టె పట్టుకుని హిల్లేవి వెళ్లింది. ఔడున్ రొట్టె వైపు చూసి మూతి విరిచాడు.

"జర్మను సైనికుల రైళ్లను మీ దేశంలోంచి దర్జాగా పోనిస్తారు. నాకు మాత్రం రొట్టెముక్క పెడతారు. ఎంత మంచివాళ్లమ్మా మీరు!"

హిల్లేవికి ఒళ్లు మండింది. "ఆ రైళ్లకు జెండా ఊపింది నేను కాదు. తింటే తిను, లేకపోతే ఆవుకు పెడతా."

మాల్విన అవ్వకు ఒక చెవి బొత్తిగా వినబడదు, రెండోది సగమే. "ఏమంటున్నాడే వాడు?"

"రొట్టె బాగుందంటున్నాడవ్వా!" అని హిల్లేవి అరిచింది. ఔడున్‌కు నవ్వాగలేదు. నవ్వుతూనే రొట్టె మొత్తం తినేశాడు.

ఇంటికి వస్తున్నంతసేపూ ఆ రైళ్ల మాట హిల్లేవిని ముల్లులా గుచ్చుతూనే ఉంది. అతను అబద్ధమాడి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఆ గురువారం మధ్యాహ్నం దుకాణానికి కాఫీ వచ్చిందని తెలిసి, రేషను కార్డు పట్టుకుని తెక్లా వరుసలో నిలబడటానికి వెళ్లింది. హిల్లేవి ఒక్కతే బోర్డు దగ్గర ఉంది. బ్రూండిన్‌కు పట్నంలోని పై అధికారి నుంచి ఫోనొచ్చింది. తీగ కలిపింది. కాసేపాగి, ఇంకా మాట్లాడుతున్నారో లేదో చూడ్డానికి, బోర్డు దగ్గర మాటలు వినిపించే మీట నొక్కింది.

"ఆ నార్వేవాణ్ణి రేపు పొద్దున ఆరింటికి సరిహద్దు దాటించెయ్యండి."

"అవతల ఉన్నది జర్మన్లు కదండీ," అన్నాడు బ్రూండిన్.

"ఉత్తర్వు చదివి వినిపించమంటారా?"

"అక్కర్లేదు." బ్రూండిన్ ఫోను పెట్టేశాడు.

హిల్లేవి లేచి నిలబడింది. అవ్వ ఇంటికి పరుగెత్తాలంటే మూడు కిలోమీటర్లు. బోర్డు వదిలి కదలకూడదు. ఫోను చేద్దామా అంటే, అవ్వ ఇంటికి పోయే తీగ మీద ఏడిళ్లున్నాయి. గంట మోగితే ఏడు ఇళ్లలోనూ మోగుతుంది, ఎవరు ఎత్తినా మాటలన్నీ వినబడతాయి. వినడం తప్పని తెలిసినా వినని ఇల్లు లేదు. చాలాసేపు తీగ చేతిలో పట్టుకుని కూర్చుంది. చివరికి కలిపేసింది.

"అవ్వా, నీ కొట్టంలో దూడను తోలుకెళ్లడానికి రేపు పొద్దున ఆరింటికి వస్తున్నారు!"

"దూడేమిటే? నా ఆవు ఈనితే గదా!"

"కుంటి దూడ అవ్వా! పడమటి నుంచి వచ్చిందే!"

"పిచ్చిగాని పట్టిందా నీకు? నాకు దూడా లేదు, గీడా లేదు!"

హిల్లేవికి ఏడుపొచ్చేసింది. అంతలో తీగ మీద ఇంకో గొంతు పలికింది. అదే తీగ మీద ఇల్లున్న, దుంగల బండి తోలే యల్మార్‌ది. "అవ్వా, అది నాదే. నీకు చెప్పకుండా కట్టేశాను. బండి కడుతున్నా, ఇప్పుడే వచ్చి తీసుకెళ్తా."

ఆ తర్వాత ఒకటొకటిగా ఫోన్లు పెట్టేసిన చప్పుడు. హిల్లేవి లెక్కపెట్టింది. అవ్వది కాక ఆరు.

మర్నాడు ఆరింటికి బ్రూండిన్ వెళ్లేసరికి కొట్టంలో ఆవు తప్ప ఎవరూ లేరు. అక్కణ్ణించి నేరుగా తెక్లా ఇంటికొచ్చాడు. అప్పటికే రాత్రి హిల్లేవి అత్తకు అంతా చెప్పేసింది. తెక్లా తిట్టలేదు, కొట్టలేదు. దీపం ఆర్పి పడుకుంది.

"తెక్లా గారూ, నిన్న మూడింటికి బోర్డు మీద ఎవరున్నారు?"

"నేనే," అంది తెక్లా.

హిల్లేవి నోరు తెరవబోతే, "పొయ్యిలో కట్టె పెట్టవే," అని కసిరింది.

"కాఫీ వరుసలో మా ఆవిడ మీ వెనకాలే నిలబడింది," అన్నాడు బ్రూండిన్ మెల్లగా.

"అయితే ఆవిడకు చూపు మందగించిందేమో. నేనే ఉన్నాను. రాసుకోండి."

అతను హిల్లేవిని చూశాడు, తెక్లాను చూశాడు. రాసుకుని వెళ్లిపోయాడు.

యల్మార్ ఆ కుర్రాణ్ణి పట్నంలో తెలిసిన డాక్టరుకు అప్పగించాడు. రెండు వేళ్లు తీసేసి, వీడిప్పట్లో కదలకూడదని డాక్టరు కాగితం రాశాడు. కాలు మానేలోగా, వాణ్ణి ఈ దేశంలో ఉండనివ్వచ్చని పైనుంచి ఇంకో కాగితం వచ్చింది.

తెక్లాకు కూడా ఒక కాగితం వచ్చింది. మే నెలాఖరుకు కొలువూ పోయింది, ఇల్లూ పోయింది. దుకాణం పైనున్న గదిలోకి మారారు. సామాను మొయ్యడానికి పిలవకుండానే ఏడిళ్లవాళ్లూ వచ్చారు. ఎందుకొచ్చారో ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం హిల్లేవి తట్టుకోలేకపోయింది. "రేపు వెళ్లి నేనే చేశానని చెప్పేస్తానత్తా."

"చెప్పి? ఇద్దరం పోవడం తప్ప ఒరిగేదేముంది?" తెక్లా మూటలు విప్పుతూనే ఉంది. "ఇరవై రెండేళ్లలో అలాంటి ఫోను నేనూ ఒకటి చెయ్యాల్సి వచ్చిందే. చెయ్యలేదు."

"ఎవరికత్తా?"

తెక్లా ఇంకో మూట ముందుకు లాక్కుంది. కొలువులో చేరినప్పుడు తానూ చేసిన ఆ ప్రమాణం ఆవిడ ఇప్పటికీ తప్పలేదు.

జూన్‌లో హిల్లేవి తండ్రి సెలవు మీద వచ్చాడు. గది చూసి నివ్వెరపోయాడు. "బోర్డు ఎందుకు పోయిందే చెల్లీ?"

తెక్లా చేతిలోని కుట్టుపని ఆపి మేనకోడలి వైపు చూసింది. నీ ఇష్టం అన్నట్టుంది ఆ చూపు. హిల్లేవి అన్నీ చెప్పింది, ప్రమాణం తప్పిన సంగతితో సహా.

తండ్రి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ శుక్రవారం పొద్దున సరిహద్దు గేటు దగ్గర కాపలా నాదే," అన్నాడు. "ఒకణ్ణి తెస్తారు, గేటు తియ్యమన్నారు. పదింటిదాకా నిలబడ్డాను. ఎవరూ రాలేదు."

"వచ్చుంటే తీసేవాడివా నాన్నా?"

"తీసేవాణ్ణేనమ్మా," అని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. హిల్లేవి లేచి వెళ్లి, చిన్నపిల్లవాణ్ణి పట్టుకున్నట్టు ఆయన్ను పట్టుకుంది.