స్టెప్నీ మీద సంసారం

ఆగస్టు మూడో తేదీ, ఆదివారం. ఆ పొద్దున మన్మథరావు గుడారి దగ్గర తన అత్తవారి ఊళ్ళో తిన్నది చద్దన్నం, పచ్చిమిరపకాయ, కాల్చిన ఎండుచేప. తేదీ గుర్తుండిపోయింది ఆ చద్దన్నం వల్లనే. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో అతనికి నాటుకోడీ గారెలూ తప్ప మరొకటి వడ్డించి ఎరగదు అత్తగారు అప్పమ్మ. ఆ రోజు మాత్రం గిన్నెలన్నీ గోనె సంచుల్లోకి ఎక్కేశాయి. బయట మిగిలింది ఒక కంచం, రాత్రి వండిన అన్నం.

"సిగ్గుగుంది బాబూ," అంది ఆవిడ తలుపు చాటు నుంచి. "అల్లుడికి సద్దన్నమెట్టిన అత్తని ఈ ఊర్లో నానొక్కర్తినే అయ్యుంటాను."

"ఇన్నేళ్ళూ ఇది దాచిపెట్టి నాకు గారెలు పెట్టేరన్నమాట," అన్నాడు మన్మథరావు. మర్యాద కోసం అన్న మాట కాదు. చల్లటి అన్నం గొంతు దిగుతుంటే అతనికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది.

అప్పమ్మకు ఒక్కతే కూతురు, ప్రసన్నలక్ష్మి. మన్మథరావు భార్య. ఆమె పోయి మూడేళ్ళు. అప్పమ్మ ఉంటున్నది మరిది కొడుకుల ఇంట్లో, ఓ వారనున్న గదిలో. ఇప్పుడు వాళ్ళు ఆ పెంకుటిల్లు విప్పి డాబా వేసుకుంటున్నారు. దామంజోడి వచ్చి మా దగ్గర ఉండిపొమ్మని మన్మథరావు ఏడాదిగా అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "కూతురున్నప్పుడే కూతురింట నాలుగు రోజులుంటే జనం నవ్వీవోరు. కూతురే నేకపోయేక ఏ మొకమెట్టుకుని వస్తాను బాబూ?"

చివరికి మనవరాలు శ్రీదుర్గ ఫోన్ చేసి, "అమ్మమ్మా, నాన్న వండిన పప్పు ఒక్కసారి తిని సూడు, తర్వాత మాట్లాడుదుం," అంది. ఆషాఢం వెళ్ళాక చూద్దామంది అప్పమ్మ. ఉండిపోవడానికో, నాలుగు రోజులు చూసిపోవడానికో మాత్రం తేల్చలేదు. "నచ్చకపోతే ఎనక్కి దింపీయాల," అని మాట తీసుకుంది. మన్మథరావు మాటిచ్చాడు, ఆ మాట నిలబెట్టుకునే అవసరం రాకూడదని కోరుకున్నాడు.

అతను బీయస్సీ చదివి, దామంజోడి శివార్లలో మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. కాఫీ, మిరియాల మొక్కలు కొండ ఊళ్ళకు చేరవేసేది ఆ పాత జీపులోనే. వెనక స్టెప్నీ తగిలించే కొక్కెం నిరుడు ఊడిపోయింది. అప్పట్నుంచీ స్టెప్నీ జీపులోపలే వెల్లకిలా పడుకుని ఉంటుంది, దాని పక్కన జాకీ, తాడు, పార, జాకీ కింద వేసుకునే టేకుచెక్క. కొండదారుల్లో తిరిగేవాడు అన్నం మూట మర్చిపోయినా వీటిని మర్చిపోడు.

సామాను ఎక్కిస్తుంటే అప్పమ్మ వేలు చూపించింది. "ఆ సక్రమేటి, అంత జాగా తినేసింది? నాలుగు సక్రాలూ కిందున్నాయి కదా."

"అది దారిలో అక్కరకొస్తదత్తమ్మా. అదొక్కటీ ఉండనీండి."

"అలగైతే నా రుబ్బురోలో?"

రుబ్బురోలు రానే రాదన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూసి మన్మథరావు పార తీసి పక్కన పెట్టాడు. అదీ చాలక టేకుచెక్క కూడా తీసి అరుగు మీద ఆనించాడు. ఆ ఖాళీలో ఆవిడ సన్నికల్లు, పొత్రం ఎక్కాయి. చింతపండు కుండ, పసుపు కొమ్ముల డబ్బా, కోళ్ళ గంప (కోళ్ళు లేవు, గంపే), రెండు చీపుళ్ళు, ఆవిడ పెనిమిటి ఫొటో స్టెప్నీ మీద సర్దుకున్నాయి. సంసారమంతా దాని మీదే నిలబడింది.

ముందు సీట్లో కూర్చోమంటే అప్పమ్మ ససేమిరా అంది. అల్లుడి పక్కన కూర్చుంటే ఊరంతా ఏమనుకుంటుంది? వెనకాల మూటల మధ్య ఇరుక్కుని, ఫొటో ఒళ్ళో పెట్టుకుంది.

రాయగడ దాటేదాకా బాగానే సాగింది. టికిరి దాటాక ఒక చోట కల్వర్టు కడుతున్నారు. బళ్ళన్నీ పక్కనున్న మట్టిదారిలోకి దిగాలి. ముందురోజు కురిసిన వానకు అది దారిలా లేదు, దుక్కి చేసిన మడిలా ఉంది. ఫోర్‌వీల్ వేసి మెల్లగా దాటుతుంటే వెనక ఎడమ చక్రం ఏదో మొనదేలిన రాయి మీద ఎక్కి దిగింది. బుస్సుమంది. జీపు ఒక పక్కకు ఒరిగింది.

"ఏటైంది బాబూ?"

"పంచరు."

 వెనకాల నుంచి ఆవిడ గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది. "నాననుకుంతనే ఉన్నాను. దారే వద్దంతంది. కూతురు నేని అల్లుడింటికి ఏటి ముసిల్దానా అంతంది. ఎనక్కి తిప్పీండి."

మన్మథరావు దిగి, వెనక తలుపు తీసి, ఆవిడకు చెయ్యి అందించాడు. "తిప్పుదుం అత్తమ్మా. కాపోతే ఎటు తిప్పాలన్నా ముందు సక్రం మార్చాలి కదా."

ఆవిడ ఫొటో చంకన పెట్టుకుంది. దిగింది.

స్టెప్నీ అన్నిటికన్నా అడుగున ఉంది. అంచేత సంసారమంతా మళ్ళీ కిందకు దిగింది. దారి పక్క గడ్డి మీద కుండలు, చీపుళ్ళు, గంప, మూటలు వరసగా కూర్చున్నాయి. తలమీద కట్టెలతో వెళుతున్న ఒకావిడ ఆగి, ఆ కొండల భాష దేశియాలో, చింతపండు ఎలా ఇస్తున్నావని అడిగింది.

"అమ్మకానికి కాదే అమ్మీ, ఇల్లు మారతన్నాం," అని తెలుగులోనే చెప్పి, అప్పమ్మ గుప్పెడు చింతపండు తీసి ఆమె కొంగులో వేసింది. ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఇల్లు మారుతున్నామన్న మాట మన్మథరావు విన్నాడు. విననట్టు జాకీ తిప్పడం మొదలుపెట్టాడు.

జాకీ ఒక మలుపు పైకి లేచేది, రెండు మలుపులు మట్టిలోకి దిగేది. అడుగున ఏదైనా ఉండాలి. టేకుచెక్క గుడారి దగ్గర అరుగు మీద హాయిగా ఆనుకుని ఉంది. చుట్టూ వెతికాడు. చేతిలో పిండైపోయే ఎర్రరాయి తప్ప గట్టిది దొరకలేదు.

"ఏటి కావాల?" అంది అప్పమ్మ.

"గట్టిగా, బల్లపరుపుగా ఉండేదేదైనా." అంటూనే అతని చూపు గడ్డిలో ఉన్న సన్నికల్లు మీద పడింది. వెంటనే తిప్పేసుకున్నాడు. ఆవిడ ఆ చూపును పట్టుకుంది.

"అదుంది కదా. తియ్యండి."

"వద్దత్తమ్మా. లక్ష్మి కాలు పెట్టిన రాయది."

అప్పమ్మ అతని వైపు తిరిగింది. "మీకు గురుతుందేటి?"

"ఎందుకుండదు? కుడికాలు. నేనే పట్టుకుని రాయి మీద పెట్టేను. తొడుగుతుంటే మట్టె నా చేతిలోంచి జారిపోయింది. పందిట్లో అందరూ వంగి వెతికేరు. ఆఖరికి పంతులుగారి పీట కింద దొరికింది."

"పంతులు దాన్ని కాదు, పూజలో రూపాయి వెతుకుతున్నాడని తిట్టింది మా ఆడపడుసు," అంది అప్పమ్మ. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి కొంగు కళ్ళకు వెళ్ళింది. "దాని పెళ్ళి ముచ్చట ఎత్తడానికి నాకింక ఎవరూ నేరనుకున్నాను బాబూ. ఆ ఇంట్లో ఎవులికీ గురుతు నేదు. నానెత్తితే లేచెలిపోతారు."

"మా ఇంట్లో లెగరు. దుర్గ రోజూ అడుగుతాది. నాకు తెలిసినవన్నీ చెప్పేసేను. పెళ్ళికి ముందువి నాకు తెలీవు కదా."

ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది. వంగి, సన్నికల్లును దొర్లించుకుంటూ తెచ్చింది. అతను అడ్డం రాబోతే, "పెళ్ళికి ముందూ దీని మీద కొబ్బరి నూరేను, పెళ్ళయ్యేకా నూరేను. రాయి రాయే. కడిగితే పోతాది," అంటూ పైన గోనె మడతపెట్టి పరిచింది. "గీత పడితే పడతాది. మళ్ళీ గంట్లెట్టించుకుందుం."

రాయి కదల్లేదు. జాకీ పట్టు దొరికి జీపు లేచింది. పాత చక్రం ఊడింది, స్టెప్నీ ఎక్కింది. ముందురోజే రాయగడలో గాలి చూపించుకున్నందుకు మన్మథరావు తనను తానే మెచ్చుకున్నాడు. గోనె తీసి చూస్తే రాయి మీద చిన్న తెల్లటి మచ్చ, అంతే. అప్పమ్మ సీసాలో నీళ్ళు పోసి, తడిచేత్తో నిమిరింది.

సామాను మళ్ళీ ఎక్కింది. ఈసారి అడుగున బురద కారుతున్న పాత చక్రం. ఆవిడ కూర్చున్న చోటంతా తడి. మన్మథరావు చేతులు గడ్డికి తుడుచుకుని, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇచ్చిన మాట ఒకటుంది. అడక్క తప్పదు.

"ఎటు తిప్పమంటారు అత్తమ్మా?"

అప్పమ్మ వెనక్కి చూసింది, బురద చూసింది. ఫొటో పట్టుకుని ముందుకొచ్చి, అతని పక్క సీట్లో ఎక్కి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"దుర్గ గుంట ఒక్కర్తే ఉంది కదా ఇంటికాడ. ఏటి వొండుకుందో, ఏటి తిందో. బేగి పోనీండి."

లక్ష్మీపూర్ దాకా ఆవిడ ప్రసన్నలక్ష్మి చిన్నప్పటి సంగతులు చెబుతూనే ఉంది. అతనికి తెలిసినవి రెండే. మిగతావన్నీ కొత్తవి. వానజల్లు పడుతున్నా కొండల మీద వెలుతురు పోలేదు. మన్మథరావు వేగం తగ్గించి నడిపాడు. ఆవిడ బేగి పొమ్మన్నా వినలేదు.

దామంజోడి చేరేసరికి దీపాలు పెట్టేశారు. శ్రీదుర్గ అన్నం వండింది, పప్పు కాస్త మాడబెట్టింది. "ఇది నాన్న సెయ్యి కాదే, నీ సెయ్యే," అని అమ్మమ్మ వెక్కిరించింది. అయినా రెండోసారి వడ్డించుకుంది. సన్నికల్లు వంటగదిలో ఎక్కడ వేయాలన్నదాని మీద అమ్మమ్మకూ మనవరాలికీ చిన్న తగవైంది. అమ్మమ్మే గెలిచింది.

ఆ ఇంట్లో మూడేళ్ళుగా రాత్రి తలుపులు వేసేది మన్మథరావే. అలవాటుగా లేవబోతుంటే అవతల గదిలోంచి మాట వినిపించింది. "గడి ఎక్కడుందే అమ్మీ? ఉండు, నువ్వు సదువుకో. నానేస్తాను." అతను మళ్ళీ కూర్చుండిపోయాడు. అప్పమ్మ పెరటి వైపు వెళ్ళొచ్చింది. వీధిలోకి ఒకసారి తొంగిచూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టింది.