రెక్క ఎముకలు

ఆదివారం కోడి వచ్చిందంటే ఆ ఇంట్లో కూర సంగతి తర్వాత, ముందు ఎముకల పంపకం. ఉడికిన ఎముక చీలి కుక్క గొంతులో గుచ్చుకుంటుందని, అమ్మ పొయ్యి వెలిగించకముందే మాంసం ఒలిచి పచ్చి ఎముకలు పళ్లెంలో పెట్టేది. కుక్క పేరు పెద్దాయన. ఎవరు వేసిన ఎముక పెద్దాయన నమిలితే వాళ్లకి సాయంత్రం దాకా ఆ భాగంలో సత్తువ. బస్సు నడిపే నాన్నది వెన్నెముక. మిషను మీద వంగి కుట్టే అమ్మది మెడ. తొడ ఎముకలు రెండూ పొట్టిదానివి. రెక్కలు ఎవరికీ అక్కర్లేక పక్కింటి పిల్లికి పోయేవి.

పొట్టిదంటే కూతురు, మిల్లు ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. "ఈసారి నీ తలమీంచి గోల్ పడిందో, పొడుగుపిల్లని పెట్టేస్తా" అని కోచ్ తెగేసి చెప్పాడు. ఆ ఆదివారమే ఫైనల్.

పొట్టిది స్నానం చేసి వచ్చేసరికి పళ్లెంలో తొడ ఎముకలు లేవు. పెద్దాయన మూతి నాక్కుంటున్నాడు. మోకాళ్లు పట్టేసి గుమ్మం దాటి ఏళ్లయిన నానమ్మ, నిటారుగా నిలబడి కుచ్చెళ్లు సర్దుకుంటోంది.

"రెండూ వేసేశావా? ఇవాళే దొరికిందా నీకు?"

"మోకాళ్లు రెండు కదే మరి" అంది నానమ్మ చూపు తప్పించి.

పొట్టిదానికి ఏడుపు తన్నుకొచ్చింది. పోట్లాడే టైం కూడా లేదు. ఏదైతే అదవుతుందని రెక్క ఎముకలు పెద్దాయన నోటికిచ్చి, అవి కరకరా నలిగేదాకా నిలబడి, గ్రౌండుకి పరిగెత్తింది.

ఆట చివరి నిమిషం. ఒక్క గోల్‌తో వీళ్లే ముందున్నారు. సరిగ్గా అప్పుడే అవతలివాళ్లకి పెనాల్టీ! కాళ్లలో మామూలు బలమే. భుజాలు మాత్రం ఒకటే దురద. బంతి పై మూలకి దూసుకొచ్చింది. పొట్టిది చేతులు చాపింది. అంతే, లేచింది! బంతిని గుండెకి కరుచుకుని, గోల్ కర్ర ఎత్తున గాల్లో అలాగే ఉండిపోయింది.

గ్రౌండంతా ఈలలు, కేకలు. రిఫరీ వాచీ చూసుకుని విజిల్ ఊది, "అయిపోయిందమ్మాయ్, ఇక దిగు" అన్నాడు.

"ఆ చోటు నీదే పొట్టీ! ఎవరడుగుతారో చూస్తా!" కోచ్ టోపీ ఎగరేసి గంతులేశాడు.

పైనుంచి ఆమెకి గేటు కనిపించింది. కుచ్చెళ్లు ఎగదోపి, జనాన్ని తోసుకుంటూ నానమ్మ పరిగెత్తుకొస్తోంది. వెనకే పెద్దాయన.

"ఒక్కసారైనా నీ ఆట కళ్లారా చూద్దామనే వేశానే" అంది నానమ్మ కింద నిలబడి, రొప్పుతూ. "కోపం పోయిందా?"

పొట్టిది తలూపింది. "దిగడం రావట్లేదు నానమ్మా!" అంది.

నానమ్మ చేతులు చాపింది. "దూకు. పట్టుకుంటాను."

బంతితో సహా దూకింది. నానమ్మ మోకాళ్లు కాస్త కూడా వణకలేదు.