అమె అనే పిల్ల

లేబుల్ అంటించడం, డ్రమ్మును పక్కకు దొర్లించడం, మరో లేబుల్ తీయడం. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ఎబెనేజర్‌కు ఇరవై రెండేళ్లుగా ఇదే పని. వేలికొసలు జిగురుతో మొద్దుబారాయి, నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. మనిషి ఉన్నాడా లేడా అన్నట్టుండేవాడు.

అలాంటివాడికి జపాను భాష పిచ్చి పట్టుకుంది, చూడండి! నాలుగేళ్ల కిందట మిషన్ బిగించడానికి వచ్చిన జపాన్ ఇంజనీరు వెళ్తూ వెళ్తూ ఓ బొమ్మల కథల పుస్తకం చేతిలో పెట్టాడు. ఓ అల్లరి కుటుంబం, పేజీకో నవ్వులాట. ఎబెనేజర్ ఫోన్లో చూసి అక్షరాలు దిద్దుకున్నాడు. కానీ మాటమాటకూ ఫోన్‌ను అడిగి, అర్థం పక్కనే పెన్సిల్‌తో రాసుకునేసరికి నవ్వు చల్లారిపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరినీ అడగకుండా తనంతట తాను నవ్వాలి. అతని కోరికల్లా అదే.

పదిహేను రోజులుగా ఒక్క పేజీ దగ్గరే బండి ఆగిపోయింది. పిల్లాడు "అమె! అమె!" అని అరుస్తాడు, ఇంటిల్లిపాదీ పరుగెడతారు. అమె అంటే ఎవరో పిల్ల పేరనుకున్నాడు. మన 'ఆమె' లాగే ఉంది కదా మరి! పేరుకు అర్థమేమిటని ఫోన్‌ను అడగనే లేదు. ఎంత వెతికినా బొమ్మల్లో ఆ పిల్ల జాడ లేదు.

"ఆమె ఇంక రాలేదా అన్నా?" పక్కన అన్నం తింటున్న జంగయ్య ఎగతాళి చేశాడు.

"వస్తది తియ్," అన్నాడు ఎబెనేజర్ నీరసంగా.

అంతలో టపటపా చినుకులు. "వాన, వాన" అని ఎవరో అరిచారు. ఆరేసిన యూనిఫారాల కోసం ఇద్దరు ఉరికారు. ఎబెనేజర్ చేతిలో ముద్ద ఆగిపోయింది. బొమ్మలోనూ అందరూ ఉరికింది బట్టల తీగ దగ్గరికే! ఆఖరి గడిలో మాత్రం ఎండ కాస్తోంది, డాబా మీద తాత మొక్కలకు పోస్తున్న నీళ్లు కింద పిల్లాడి నెత్తిన పడుతున్నాయి. ఎబెనేజర్ కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. అతను అట్లా నవ్వడం జంగయ్య ఎన్నడూ చూడలేదు.

"ఏందన్నా?"

"ఆమె కాదు జంగయ్యా. వాన."

"ఏం వాన?"

"బస్సుల చెప్త."

సాయంత్రం బస్సెక్కగానే కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. అలసిపోయాడులే అని జంగయ్య కదిలించలేదు. దిగాల్సిన పటేల్‌గూడ రాగానే భుజం తట్టాడు. ఎబెనేజర్ లేవలేదు. చెయ్యి చల్లబడి ఉంది.

ఇంటి దగ్గర పాస్టరు ప్రార్థన అయ్యాక, ఎబెనేజర్ భార్య బ్యూలా జంగయ్యను పక్కకు పిలిచింది.

"ఆఖరికి ఏమన్నడు తమ్మీ?"

జంగయ్య తల వంచుకున్నాడు. "ఆమె కాదు, వాన అన్నడు వదినా. మస్తు నవ్విండు. ఎందుకో నాకు సమజ్ గాలె."

"నవ్విండా?" అంది బ్యూలా. అప్పటిదాకా ఏడవనిది ఆ మాటకు ఏడ్చింది.

మర్నాడు బస్సు ఊడుస్తుంటే ఎబెనేజర్ కూర్చున్న సీటు కింద చిన్న పెన్సిల్ ముక్క దొరికింది, కొత్తగా చెక్కింది, మొన అరగనిది.