రోజుకు జానెడు

పొద్దున్నే ఇల్లు ఊడవడానికి అమ్మడికి అందరికంటే ఒక పావుగంట ఎక్కువ పట్టేది. చీపురు పట్టుకునే ముందు నేలమీదున్న జాంబీ బొమ్మలన్నిటినీ ఏరి బల్లమీద పెట్టాలి, ఊడ్చాక మళ్ళీ ఎక్కడివక్కడ దించాలి. సోఫా కింద నాలుగు, వంటింటి గడప దగ్గర ఏడెనిమిది, స్నానాలగది తలుపుకు తల ఆనించి ఒకటి. ఏరుతూ లెక్కపెట్టేది. యాభై మూడూ లెక్క తేలితే గాని చీపురు కదిలేది కాదు.

ఆమెకు నలభై రెండు దాటాయి. అంత వయసొచ్చినా తండ్రికి ఆమె అమ్మడే, అందుకని మనకూ అమ్మడే. కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో, అద్దాలను ఫ్రేముకు సరిపోయేలా అరగదీయడం ఆమె పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందంటే ఆ అద్దం చెత్తబుట్ట పాలే. రోజంతా ఊపిరి బిగబట్టి కూర్చుని ఇంటికొచ్చాక, దవడ ఊడిపోయినా నడుచుకుంటూ వచ్చే శవాలను టీవీలో ఓ గంట చూస్తే గాని ఆమెకు ప్రాణం కుదుటపడేది కాదు. పిచ్చనండి, సరదా అనండి. నెత్తుటి చేతిముద్రల టీషర్టులు, పుర్రె ఆకారం కాఫీ కప్పు, కుళ్ళిన వేళ్ళు బయటికి పొడుచుకొచ్చిన చెప్పులు, ఆఖరికి సబ్బు పెట్టుకోవడానికి తెగిన అరచెయ్యి ఒకటి. "సబ్బు తీసుకుందామని చెయ్యి పెడితే ఎవడో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టుందే" అని సణిగేవాడు తండ్రి.

అన్నిటికంటే ముద్దు ఆ బొమ్మలు. ఒక్కోటి జానెడు ఎత్తు. నర్సు, పోస్ట్‌మ్యాన్, పెళ్ళికూతురు, గరిటె వదలని వంటమనిషి, ఇలా ఎవరి బతుకులో వాళ్ళు ఉండగానే చచ్చి లేచినవాళ్ళు. ఇలాంటివి సేకరించేవాళ్ళకు ఒక నియమం ఉంది: డబ్బా విప్పకూడదు. విప్పితే విలువ పోతుంది. అమ్మడూ మొదట్లో విప్పలేదు. తండ్రే ఊరుకోలేదు. "డబ్బాల్లో పెట్టి చూసుకోడానికా కొన్నావు? ఊపిరాడక చస్తాయి, బయటికి తియ్యి" అన్నాడు. చచ్చినవాటికి ఊపిరేమిటని నవ్వుతూనే విప్పింది. మర్నాటి నుంచి అవి నడవడం మొదలుపెట్టాయి.

నడకంటే ఏం నడక! రోజుకు జానెడు. గడియారంలో చిన్నముల్లు కదులుతుండగా ఎవరైనా చూశారా? ఇదీ అంతే. పొద్దున ఇక్కడుంటే సాయంత్రానికి అక్కడ. షెల్ఫు అద్దాలు మూసేస్తే తలలతో టకటకా కొడుతుంటాయని తీసే ఉంచేది. ఇంటి ఓనరు చూసి, "గోడలకు మరకలు పడకుండా చూసుకోండమ్మా" అని చెప్పి వెళ్ళాడు. ఫోన్లో ఆమెకు ఒక జాంబీ అభిమానుల గ్రూపు ఉంది. వాళ్ళేమో "విప్పేశావా? ఇంకేముంది, విలువ పోయినట్టే" అని బాధపడ్డారు.

ఆ గ్రూపులో రెండు వర్గాలు. జాంబీ అన్నది నెమ్మదిగా నడవాలని ఒక వర్గం, వెంటపడి పరుగెత్తాలని ఇంకో వర్గం. అమ్మడు నడక వర్గానికి పెద్దదిక్కు. "పరుగెత్తేదాన్ని చూస్తే భయమేముంది, కుక్కా పరుగెత్తుతుంది. నెమ్మదిగా వచ్చేదే రాకమానదు" అని వాదించేది. అవతలి వర్గం నాయకుడు, అయిదు గంటల బస్సు దూరంలో జిరాక్స్ షాపు నడుపుకునే కుర్రవాడు, "నీ జాంబీలొచ్చేలోపు నేను భోంచేసి కునుకు కూడా తీస్తానక్కా" అని ఎగతాళి చేసేవాడు. ఇద్దరూ ఉప్పూ నిప్పూలా ఉన్నా, ఏ కొత్త బొమ్మ వచ్చినా మొదటి ఫోను ఒకరికొకరే చేసుకునేవాళ్ళు.

బొమ్మలు ఎటుపడితే అటు తిరిగినంత కాలం ఇంట్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారి మాత్రం అన్నీ వీధితలుపు వైపు తిరిగాయి. మెట్లమీద పడుకునే ముసలి పిల్లి దగ్గరికి వారం రోజులు నడిచి, దాని చుట్టూ చేరి నిలబడ్డాయి. పిల్లి ఒకసారి కళ్ళు తెరిచి చూసి, పోస్ట్‌మ్యాన్ కాళ్ళమీద తలపెట్టి పడుకుంది. మళ్ళీ లేవలేదు. "పాపం, సుఖంగా పోయింది" అంది కిందింటావిడ. మర్నాటి నుంచి బొమ్మలు మళ్ళీ తలో దిక్కూ పట్టాయి.

ఒక శనివారం అమ్మడు బూజులు దులిపి బొమ్మలన్నిటినీ షెల్ఫులో సర్దింది. ఆదివారం పొద్దున చీపురు పట్టుకుని హాల్లోకొచ్చేసరికి ఏరాల్సిన పనే లేదు. యాభై మూడూ బారులు తీరి, తండ్రి గది వైపు మొహం పెట్టి ఉన్నాయి.

"ఏమే, చప్పుడు లేదు? చీపురు విరిగిందా?" అని లోపల్నించి కేకేశాడు తండ్రి. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. చూశాడు. "ఓహో" అన్నాడు.

ఆయన రెండు వారాలుగా కడుపునొప్పంటున్నాడు. గ్యాసని ఆయనే తేల్చేసుకున్నాడు. సోమవారం ఆస్పత్రికి వెళ్తే, బొమ్మలు చెప్పిందే స్కానింగూ చెప్పింది. "ఈ వయసులో కత్తి పెట్టి లాభం లేదు. మహా అయితే రెండు నెలలు" అంది డాక్టరమ్మ.

తండ్రి టైల్స్ మేస్త్రీ. ఆ ఇంటికి టైల్స్ వేసింది ఆయనే. వేస్తూ వేస్తూ మూడో అంతస్తు గాలి నచ్చి అందులోనే అద్దెకు దిగాడు. ఆస్పత్రి నుంచి రాగానే మంచం మీద కూర్చుని హాలు వైపు చూపు సారించి లెక్కగట్టాడు. "షెల్ఫు నుంచి నా మంచానికి పద్దెనిమిది టైల్స్. టైలుకు రెండు జానలు. అంటే ముప్పై ఆరు రోజులు. డాక్టరమ్మ కొంచెం ఎక్కువే చెప్పింది."

"ఊరుకో నాన్నా" అంది అమ్మడు. అని, బొమ్మలన్నిటినీ తీసుకెళ్ళి షెల్ఫులో పెట్టేసింది. వెనక్కి పెట్టకూడదని ఎక్కడా లేదు కదా. పెట్టినచోటి నుంచే అవి మళ్ళీ బయల్దేరాయి. ఆమె మళ్ళీ పెట్టింది. పనికెళ్ళే ముందొకసారి, వచ్చాకొకసారి. అలా రెండు నెలలు దాటాయి. "పర్వాలేదే, గట్టివాళ్ళే" అని డాక్టరమ్మ మెచ్చుకుంది. అమ్మడు ఆ రోజు నవ్వుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో లేదు. ఎత్తి పెట్టే హడావిడిలో నెలా పదిరోజులుగా లెక్కపెట్టడమే మానేసింది. ఒక ఉదయం లెక్కపెడితే యాభై రెండే వచ్చాయి. సోఫా జరిపింది, పరుపులు ఎత్తింది, బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూసింది. చివరికి పెళ్ళికూతురు తండ్రి మంచం కోడు దగ్గర దొరికింది, వేలాడుతున్న దుప్పటి అంచు పట్టుకుని. ఏ కర్టెన్ చాటున ఎన్ని రోజులు నడిచిందో.

అటకమీది డబ్బాలు దించింది. సేకరించేవాళ్ళు డబ్బాలు పారెయ్యరు. ఒక్కోదాన్ని దాని డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, జిరాక్స్ తమ్ముడికి ఫోన్ చేసింది. అతను వ్యాను మాట్లాడుకుని వచ్చి అన్నీ ఎక్కించుకున్నాడు. "నా ప్రాణంలా చూసుకుంటానక్కా. ఒక్కటి కూడా గడప దాటదు" అన్నాడు. వారానికి ఫోను చేశాడు. "డబ్బాల్లోంచే జరుగుతున్నారక్కా మీవాళ్ళు. అన్నీ వచ్చి మీ ఊరివైపు గోడకు ఆనుకున్నాయి. రోజూ సాయంత్రం వెనక్కి లాగుతున్నా."

తండ్రి మంచం మీదే కొత్త లెక్క వేశాడు. "వాడు లాగకపోయినా, అక్కణ్ణించి ఇక్కడికి రెండువేల ఏళ్ళ పైమాటే. అన్నేళ్ళు నాకు వండి పెడతావటే?"

"పెడతాను."

"ఉప్పు తక్కువేస్తావే నువ్వు."

ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు.

తర్వాత పదకొండు నెలలు గడిచాయి. చావు దూరంగా జరిగింది గాని నొప్పి జరగలేదు. కడుపులో మొదలైంది వెన్నులోకి, వెన్నులోంచి తుంటిలోకి పాకింది. సిమెంటు బస్తాలు మోసిన మనిషి చిక్కి చిక్కి పక్కమీద ముడతలా మిగిలాడు. మాత్రలు మొదట పూటంతా పనిచేసేవి, తర్వాత గంట, తర్వాత అసలు లేదు. డాక్టరమ్మ రిపోర్టులు ముందుకూ వెనక్కూ తిప్పి, "ఈయన ఎలా ఉన్నారో నాకే తెలియడం లేదమ్మా. లోపల ఏమీ మిగల్లేదు" అంది. అమ్మడికి తెలుసు ఎలా ఉన్నాడో. తనే ఉంచింది.

ఆమె అడిగినప్పుడల్లా ఆయన "బానే ఉంది" అనేవాడు. ఒకరోజు కిందింటావిడ మెట్ల దగ్గర ఆపింది. "చెప్పకూడదనే అనుకున్నానమ్మా. నువ్వు అటు వెళ్ళగానే మొదలుపెడతారు మీ నాన్నగారు. సాయంత్రం దాకా ఒకటే అరుపులు. నీ అడుగుల చప్పుడు వినపడగానే ఆపేస్తారు."

మర్నాడు అమ్మడు మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చింది. రెండో అంతస్తు దాకా చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. విన్నది. తండ్రి గొంతు అలా ఉంటుందని ఆమెకు తెలియదు. మధ్యమధ్యలో తన తల్లిని పిలుస్తున్నాడు, ఎప్పుడో పోయినావిడను. అమ్మడు అక్కడే మెట్టుమీద కూలబడింది. పైకెళ్తే ఆయన నొప్పిని నోట్లో కుక్కుకోవాలి. వెళ్ళకపోతే ఇలా అరవాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. గంటసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని, ప్రతి మెట్టూ గట్టిగా తొక్కుతూ ఎక్కింది. అరుపులు ఆగిపోయాయి.

"ఏమే, ఇవాళ తొందరగా వచ్చేశావు?" అన్నాడు తండ్రి. కింది పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

ఆమె తడిగుడ్డతో తుడిచింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మడూ, వాటిని తెప్పించు."

"నా వల్ల కాదు నాన్నా."

"నాకు తెలుసులే. అయినా తెప్పించు."

జిరాక్స్ తమ్ముడు అదే వ్యానులో తీసుకొచ్చాడు. డబ్బాలు హాల్లో దించి, ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అమ్మడు టీ ఇచ్చింది. "నువ్వే గెలిచావు తమ్ముడూ. పరుగెత్తేవే మంచివి" అంది. అతను గ్లాసు కింద పెట్టేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అతను వెళ్ళాక ఆమె టేపులు కోసి, బొమ్మలన్నీ బయటికి తీసి నిలబెట్టింది. డబ్బాలోంచి తీసినవి తీసినట్టే తండ్రి వైపు తిరిగాయి.

"ఎక్కణ్ణించి పెట్టను?" అని అడిగింది.

"మూడు టైల్స్" అన్నాడు తండ్రి.

"ముప్పై."

"ఇల్లే పద్దెనిమిది టైల్స్, పిచ్చిదానా."

"అయితే పద్దెనిమిది."

"కూరగాయల బేరమటే ఇది? నాలుగు."

"పది నాన్నా. పదన్నా ఉండనీ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నొప్పి వచ్చి, ఆయన్ను పిండి, పోయేదాకా ఇద్దరూ ఆగారు. "ఆరు" అన్నాడు. "అంతకు మించి నా వల్ల కాదు."

ఆరు టైల్స్ అంటే పన్నెండు రోజులు. అమ్మడు షాపులో సెలవు చెప్పింది. ఇంటిల్లిపాదీ అంటే వాళ్ళిద్దరూ, వాళ్ళకెదురుగా ఆ యాభై మూడు. ఆమె తండ్రి తల దువ్వింది, గోళ్ళు తీసింది, పాలల్లో బిస్కెట్టు నానబెట్టి పెట్టింది. "గడ్డం కూడా గీసెయ్యి. వాళ్ళకంటే నేను అధ్వానంగా ఉంటే ఏం బావుంటుంది" అన్నాడాయన. ఇప్పుడిక నొప్పి వచ్చినప్పుడు దాచలేదు. ఆమె ముందే అరిచాడు. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చునేది. అంతకంటే చేయగలిగిందేమీ లేదు.

పదకొండో రోజు పొద్దుటికి బొమ్మలు మంచానికి మూరెడు దూరంలో ఉన్నాయి. అమ్మడు వెళ్ళి ఆ మూరెడులో కూర్చుంది, మంచానికి వీపు ఆనించి, బాసిపట్టు వేసుకుని. అలా అడ్డుపడటం తప్పు అని ఆమెకు తెలుసు. తెలిసే కూర్చుంది. కాసేపటికి నర్సు వచ్చి ఆమె మోకాలికి తగిలి ఆగింది. తర్వాత వంటమనిషి. తర్వాత పెళ్ళికూతురు. ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. పక్కకు తిరిగి పోవు, తోసుకుని పోవు. ఆమె మోకాలి మీద చిన్నచిన్న ప్లాస్టిక్ చేతులు మాత్రం ఆనించాయి. తండ్రి మూలుగు ఆమె తల వెనకే వినిపిస్తోంది.

కిటికీలోంచి పడిన ఎండ నేలమీద ఒక టైలు నుంచి పక్క టైలు మీదికి జరిగింది. అమ్మడు కదల్లేదు. తండ్రి లెమ్మనలేదు. లెమ్మంటాడేమో, అంటే ఏం చెప్పాలా అని ఆమె మాటలు వెతుక్కుంటూనే ఉంది.

చాలాసేపటికి ఆయన చెయ్యి వచ్చి ఆమె నెత్తిమీద పడింది. దూదంత తేలికగా ఉంది.

"ఎంతసేపటి నుంచి అలా కూర్చున్నావే. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి" అన్నాడు. "లేచి కాస్త అటూ ఇటూ తిరుగు, తల్లీ."

అమ్మడు రెండు చేతులూ నేలమీద ఆనించి, లేచింది.