కాశీరావు కట్టిన మడ్‌గార్డులు

డెబ్బై నాలుగులో మా కాశీరావు వేట పడవ వదిలేసి, చల్లపల్లి నుంచి బెజవాడకు చేపలు తోలడానికి పాత మిలటరీ పికప్పు వ్యాను కొన్నాడు. దాని మడ్‌గార్డులు చక్రాన్ని సగమే కప్పేవి. వెనక కూర్చున్నవాడు దిగేసరికి నల్లరేగడి విగ్రహమయ్యేవాడు. రెండుసార్లు అలా విగ్రహమైన అత్తగారు కొండలమ్మ తేల్చి చెప్పింది:

"ఈసారి నా మంగళగిరి చీర మీద మరక పడిందా, వ్యాను అమ్మేసి మళ్లీ పడవెక్కండి అల్లుడుగారూ."

డ్రైవరుగారూ అనిపించుకోవడం మరిగిన కాశీరావుకు ప్రాణం పోయినంత పనైంది. కిరసనాయిలు డబ్బాలు కోసి, ఆ రేకులతో మడ్‌గార్డులను చక్రం చుట్టూ కిందిదాకా పొడిగించాడు. అంతటితో ఆగాడా? పడవ కట్టినట్టే సందుల్లో కొబ్బరిపీచు దట్టించి, గుగ్గిలం కాచి పూశాడు.

"ఇక చుక్క బయటికి చిందదు బాబాయ్!" అన్నాడు నాతో.

"మరి లోపలి బురద ఎటు పోవాలిరా?"

"నువ్వెప్పుడన్నా పడవ కట్టావా?"



శ్రావణమాసం వానలో అందరం బెజవాడ బయలుదేరాం. రెండు మైళ్లకే రేకుల్లో బురద కూరుకుపోయి చక్రాలు బిగుసుకున్నాయి. దిగి నెట్టాం. కొండలమ్మ కూడా నెట్టింది, జారి బోర్లా పడింది.

"నా మడ్‌గార్డులు మాత్రం చుక్క చిందించలేదు అత్తా," అన్నాడు కాశీరావు.

ఆవిడ కళ్లలో బురద తుడుచుకుంది. "నిజమే అల్లుడుగారూ. చుక్క పడటానికి చీర మీద చోటేదీ? పడవకు తారు పూయించండి."

పూయించాడు. వ్యాను కొనేవాడే దొరకలేదు. ఆ రేకుల్లోని మట్టిలో మాత్రం ఆ ఏడు మూడు బస్తాల వడ్లు పండాయి. కోసింది నేనే.