నీళ్లు ఎంత కౌంటు?

తెల్లారగానే ఆవిడ చేసే మొదటి పని రొయ్యల చెరువులో మేత వేసి దించిన చెక్ ట్రే పైకి లాగి చూడటం. మేత మిగిలిందా, రొయ్య చురుగ్గా ఎగురుతోందా, మీసం ఎర్రబడిందా అని వేలితో తిప్పి తిప్పి చూసి మళ్లీ నీళ్లలోకి దించుతుంది. ఆ తర్వాత పక్క చెరువు గట్టెక్కి కాసేపు నిలబడుతుంది. ఆ చెరువులో రొయ్య లేదు. కాలువ నీళ్లు అందులోకి తెచ్చి, శుద్ధి చేసి, పదిహేను రోజులు నిలవబెట్టి, అప్పుడుగానీ రొయ్యల చెరువులోకి వదలదు. ఉన్నవే రెండు చెరువులు. ఒకటి ఉత్త నీళ్లకి ఇచ్చేస్తే జనం ఊరుకుంటారా?

"ఏమ్మా, నీళ్లు ఎంత కౌంటుకి వచ్చాయి?" అని అడిగేవాళ్లు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. నీళ్లకి కౌంటేమిటని మళ్లీ వాళ్లే పగలబడి నవ్వేవాళ్లు. నీళ్లపంటావిడ అని పేరు కూడా పెట్టేశారు.

మొగుడు పోయి రెండేళ్లు. ఈ పంట కూడా దెబ్బతింటే చెరువులు రెండూ బావగారికి అప్పజెప్పి, రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పోవాలని ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేశారు. ఆవిడా సరేనంది. అనక ఏం చేస్తుంది! లోపల మాత్రం, "పోను. చచ్చినా పోను" అనుకుంది.

అసలు చిక్కంతా కాలువతోనే. పదకొండు మంది రైతులకీ అదొక్కటే. పైన ఎవరి చెరువుకన్నా తెల్లమచ్చ రోగం వస్తే, గప్‌చిప్‌గా నీళ్లు కాలువలోకి వదిలేసి చేతులు దులుపుకుంటారు. కింద వాళ్లు అవే నీళ్లు పెట్టుకుంటారు. "రోగమొస్తే తూము మూసేద్దాం, అందరికీ చెబుదాం, బ్లీచింగ్ వేసి నీళ్లని అక్కడే ఉంచుదాం" అని ఆవిడ మీటింగులో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అందరూ బావగారి మొహమే చూశారు. ఆయన మీసం దువ్వుకుంటూ "చూద్దాంలే" అన్నాడు. ఇంకేముంది, అందరూ చూద్దాంలే అన్నారు.

ఆ కాలువ సంగతి ఇంకోటుంది. దాని గట్టున ఏ మాటన్నా నీళ్లు పట్టుకుపోతాయి. నీళ్లు నింపాదిగా వచ్చినా మాట ముందే వచ్చేస్తుంది. గట్టిగా అంటే చివరి చెరువు దాకా, గుసగుసగా అంటే పక్క తూము దాకా. కిందికే పోతుంది, ఎదురెక్కదు. తవ్విన నాటినుంచీ అంతే. అందుకే బుద్ధున్నవాడెవడూ తూము దగ్గర నోరు విప్పడు.

ఆ పొద్దున ఆవిడ నీళ్లు పెట్టుకుందామని తూము పలక మీద చెయ్యేసింది. పైన పక్క తూము బావగారిది. కాలువలోంచి ఆయన గొంతు వినబడింది, బొంగురుగా, గుసగుసగా.

"తెల్లమచ్చే. ఎవరితోనూ అనకు. మెల్లగా పలకెత్తు."

కంగారులో పాపం ఎక్కడ నిలబడ్డాడో మరిచిపోయినట్టున్నాడు. ఆవిడ పలక మీంచి చెయ్యి తీసేసి, చెప్పులైనా తొడుక్కోకుండా గట్టెంట పరిగెత్తింది.

బావగారు తన తూము దగ్గరే ఉన్నాడు. పలక జానెడు లేచి ఉంది. చెరువు అంచున ఎర్రబడ్డ రొయ్యలు తేలుతున్నాయి. ఆవిణ్ణి చూడగానే పనివాడు తల దించేసుకున్నాడు.

"పలక దించండి బావగారూ," అంది, కిందివాళ్లకి వినబడకుండా లోగొంతుతో.

"నీకెవరు చెప్పారు?"

"మీరే."

ఆయన కాలువ వంక చూశాడు. మొహం నల్లబడిపోయింది.

"నీ తూము మూసే ఉందిగా. నీ పంట నీకుంది. ఇంకేం, వెళ్లు."

"కింద తొమ్మిది మంది ఉన్నారు. నీళ్లు పెట్టుకుందామని ఈపాటికి తూములెత్తి ఉంటారు. నేను అరిచి చెబితే నీళ్లపంటావిడకి పిచ్చి ముదిరిందంటారు. మీరు చెబితే వింటారు."

"నలుగురిలో పరువు తీసుకోమంటావా?"

"రోగం రావడం తప్పేం కాదు బావగారూ. దాచి వదిలెయ్యడమే తప్పు. మీరు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి కదలను."

అని పలక మీద రెండు చేతులూ వేసి, బలమంతా పెట్టి నొక్కింది. అది కదల్లేదు. ఆవిడా కదల్లేదు. ఆయన ఆ చేతుల వంక చూశాడు. ఆవిడ పంట పోతే చెరువులు ఎవరికొస్తాయో ఇద్దరికీ తెలుసు.

"జరుగమ్మా," అన్నాడు చివరికి. పలక తనే దిగ్గొట్టాడు. కాలువ మీదికి వంగి, మీటింగుల్లో కూడా ఎప్పుడూ ఎత్తనంతగా గొంతెత్తాడు.

"నా చెరువుకి తెల్లమచ్చ వచ్చింది! నీళ్లు కొన్ని వదిలేశాను. తప్పు నాదే. అందరూ తూములు మూసెయ్యండి!"

మాట వెళ్లిపోయింది. కాసేపటికి కింద ఎక్కడో దబ్బుమని ఒక పలక దిగిన చప్పుడు గాల్లో తేలి వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టింది. తొమ్మిదోది వినబడగానే గట్టు మీదే కూలబడి బావురుమంది.

తూములు మూసిన ఆ రోజులన్నీ ఆవిడ పక్క చెరువులోని నిలవ నీళ్లతోనే నెట్టుకొచ్చింది. వలేసి పంట తీసే పట్టుబడి రోజున రొయ్య బారుగా, నిగనిగలాడుతూ వచ్చింది. షెడ్డు ఊసు ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ చెరువుల్లో రొయ్య పిల్ల వదిలే రోజులొచ్చాయి. ఒక పొద్దున ఆవిడ తూము దగ్గర ఉండగా బావగారి గొంతొచ్చింది. ఈసారి గుసగుసగా కాదు, చివరి చెరువు దాకా అందరికీ వినబడేలా.

"అమ్మాయ్, నేనూ ఒక చెరువు ఖాళీ చేశాను. నీళ్లు ఎన్నాళ్లు నిలవబెట్టాలి?"

కింద గట్ల మీద ఒక్కరూ నవ్వలేదు. కౌంటెంతని అడగలేదు. పనులు ఆపేసి ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

మాట ఎదురెక్కదు, బావగారికి తర్వాత నడిచెళ్లి చెప్పొచ్చు, అనుకుంది ఆవిడ. ముందు కాలువ మీదికి వంగి, గొంతు సవరించుకుంది.

"పదిహేను రోజులు!" అంది, గట్టిగా.